ఇంకో నూరు అడుగులు

"టైమెంతయిందండీ?" అని సరోజ అడగడం ఇది మూడోసారి.

నా ఫోను బస్సులోనే చచ్చిపోయింది. గడియారం కోసం గోడల వైపు చూద్దామంటే గోడలే కనపడవు. ఎటు చూసినా వరసలు వరసలుగా మెషిన్లు. ఒక్కోటీ ఒక్కో పాట పాడుతుంటే అన్నీ కలిసి తేనెతుట్టె కదిలించినట్టు ఒకటే రొద. కాళ్ల కింద ఎరుపూ పసుపూ చుట్టలు చుట్టుకున్న మెత్తటి తివాచీ. చల్లటి గాలిలో సిగరెట్టు కంపు, దాన్ని కప్పడానికి కొట్టిన సెంటు. ఒక్క కిటికీ లేదు. బయట మే నెల ఎండ పెటపెటలాడుతోంది. లోపల మాత్రం ఎప్పుడూ రాత్రి తొమ్మిదిన్నరే.

మాకు కావలసింది గది తాళం ఇచ్చే కౌంటరు, అంతే. కానీ లాస్ వేగస్ పెద్ద హోటళ్లలో గదికి పోవాలన్నా, తిండికి పోవాలన్నా, బాత్రూముకు పోవాలన్నా దారి జూదం హాలు మధ్య నుంచే. తిరునాళ్లలో దేవుడి దగ్గరికి పోయే తోవకు రెండు పక్కలా అంగళ్లు పెట్టినట్టు. చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ నేను, చిత్రాన్నం డబ్బా ఉన్న సంచి పట్టుకుని సరోజ, ఆ అంగళ్ల మధ్య నుంచి నడుస్తున్నాం.

లాస్ ఏంజిలెస్ దగ్గర ఉండే మావాడు ఈ ఉదయం మమ్మల్ని బస్సు ఎక్కించాడు. "సోమవారం పోండి నాన్నా, వారం మధ్యలో గదులు చవక. శుక్రవారమైతే అదే గది మూడింతలు" అన్నాడు. గది అద్దె 34 డాలర్లని చెప్పాడు. రిసార్టు ఫీజు 45 డాలర్లని చెప్పలేదు. అది కౌంటరులో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. వైఫైకి, జిమ్ముకు, ఈతకొలనుకు అట.

"మనం ఈత కొట్టం గదా. తగ్గించమనండి" అంది సరోజ.

అడిగాను. అమ్మాయి ఇంకా బాగా నవ్వింది.

డబ్బు సరోజ దగ్గరే ఉంది. మావాడిచ్చిన నోట్లను రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టింది. గదికొకటి, తిండికొకటి, బస్సుకొకటి. అన్నిటికన్నా పల్చటి కట్ట ఆటకు, ఇరవై డాలర్లు. ముప్పై నాలుగేళ్లు లెక్కల మాస్టరుగా పనిచేసినవాణ్ని. జీతం నేను తెచ్చినా లెక్క ఎప్పుడూ ఆమెదే.

గదిలో బల్ల మీద నీళ్ల సీసా ఉంది. దాని మెడలో వేలాడే చీటీ చదివి సరోజ చెయ్యి వెనక్కి తీసుకుంది. తొమ్మిది డాలర్లు. చిత్రాన్నం పెడదామని ఫ్రిజ్జు తెరిస్తే అందులో సీసాలు, చాక్లెట్లు కిక్కిరిసి ఉన్నాయి. తలుపు మీద హెచ్చరిక. లోపలి వస్తువును కదిలిస్తే చాలు, బిల్లులో పడుతుంది. సరోజ బాంబు ఉన్న పెట్టె మూసినట్టు నెమ్మదిగా తలుపు మూసింది. ఎదురుగా ఉన్న మందుల షాపులో పెద్ద క్యాను నీళ్లు రెండు డాలర్ల చిల్లర. ఈ ఊరికి వచ్చేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఇదే. నీళ్లు హోటల్లో కొనొద్దు.

నీళ్లు కొనుక్కోవడం మాకు కొత్త కాదు. మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. రాష్ట్రంలోకెల్లా తక్కువ వాన పడేది మన జిల్లాలోనే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర అని పిల్లలకు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. ఇక్కడ పడేది అందులో ఐదో వంతు. కిటికీలోంచి చూస్తే ఊరి చుట్టూ ఒక్క చెట్టైనా లేని కొండలు. మా పెనుకొండను ఎవరో తోలు ఒలిచి పెట్టినట్టున్నాయి.

ఫోను చార్జింగు పెట్టగానే టైము తెలిసింది. మూడున్నర. సరోజ వేళ్ల మీద లెక్క కట్టింది. "ఊర్లో తెల్లారుజాము నాలుగు. ఈ పొద్దు బోరు బండి వస్తాదని గదా మరిది చెప్పినాడు. వచ్చిందో లేదో."

*

సాయంత్రం. ఊరి దక్షిణపు కొస నుంచి మొదలుపెట్టాం. మాండలే బే నుంచి లక్సర్ మీదుగా ఎక్స్‌కాలిబర్ దాకా ట్రాము ఉచితం. టికెట్టు ఎక్కడ కొనాలో అని వెతికి, అక్కర్లేదని తెలిసి, దొంగల్లా ఎక్కి కూర్చున్నాం. ఈజిప్టు పిరమిడ్ పక్కనుంచి పోయాం. ముప్పై అంతస్తుల నల్లద్దాల పిరమిడ్, 1993లో కట్టారు. తర్వాత రంగుల బొమ్మరింటి లాంటి కోట వచ్చింది. దిగి కాలిబాట వంతెన ఎక్కితే న్యూయార్కులా కట్టిన హోటలు.

అక్కడి స్వేచ్ఛామూర్తికి ఒక కథ ఉంది. అమెరికా తపాలా శాఖ 2010లో అచ్చు వేసిన స్టాంపు మీద అసలు విగ్రహం బదులు ఈ నకలు బొమ్మ పడింది. నకలు చేసిన శిల్పి కోర్టుకు వెళ్లాడు. 2018లో 35 లక్షల డాలర్లు ఇవ్వమని తీర్పు వచ్చింది. సరోజకు ఈ కథ చెబుతూ ఆమె ఫొటో తీద్దామని వంతెన మీద నిలబడ్డాను. వెంటనే యూనిఫారం వేసుకున్నాయన చెయ్యి ఊపాడు, నడవండి నడవండి అని. వంతెనల మీద ఆగకూడదని 2024లో ఇక్కడ చట్టం తెచ్చారు.

నడక మొదలయ్యాకే ఈ ఊరి మోసం తెలిసింది. "అదిగో, ఎదురుగానే ఉంది" అనుకున్న మేడ అరగంటైనా రాదు. కట్టడాలు అంత పెద్దవి కాబట్టి దగ్గరగా కనిపిస్తాయి. పల్లెలో దారి అడిగితే 'ఆ కనపడేదే ఊరు' అంటారే, అట్లా. పైగా రోడ్డు దాటాలంటే వంతెన ఎక్కాలి. దిగే ఎస్కలేటరు ఏదో ఒక జూదం హాలు గుమ్మం ముందు వదులుతుంది. చవకగా తిరగాలనుకునేవాడు ఇక్కడ డబ్బు బదులు కాళ్లతో చెల్లించుకోవాలి.

తల మీద నెమలి పింఛాల్లాంటి ఈకలు కట్టుకున్న ఇద్దరమ్మాయిలు ఎదురొచ్చి ఫొటో దిగుదామన్నారు. దిగితే మనిషికి ఇరవై అడుగుతారని మావాడు ముందే చెప్పాడు. నేను మాటలు వెతుక్కునేలోపే సరోజ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. వాళ్లూ చేతులు జోడించారు. దారి దొరికింది.

ఏడు గంటలకు ఒక మెక్సికన్ దుకాణంలో ఒకే గిన్నె కొని ఇద్దరం తిన్నాం. అన్నం, నల్ల గింజలు, మొక్కజొన్న, పైన చిటికెడు చెనిక్కాయల పొడి, అది మాది. పన్నెండు డాలర్లలో అయిపోయింది. వెనకటి రోజుల్లో ఈ ఊళ్లో నాలుగైదు డాలర్లకే కడుపు పట్టినంత బఫే పెట్టేవాళ్లు. ఎందుకంటే తిండిలో పోయింది జూదంలో వచ్చేది. ఇప్పుడు ఈ వీధి హోటళ్లకు జూదం తెచ్చేది ఆదాయంలో సగం కూడా కాదు. మంచమూ కంచమూ షోలే ఎక్కువ తెస్తాయి. అందుకే ఎర సంపాదించే పనిలో పడింది. బఫే రేటు ఎక్కడికో పోయింది, కారు నిలిపినా డబ్బే, ఈత కొట్టకపోయినా 45 డాలర్లే. ఇంకా ఉచితంగా మిగిలినవి కళ్లతో చూసేవి మాత్రమే.

అలా మిగిలినవాటిలో పెద్దది బెలాజియో. పార్క్ ఎంజీఎం దగ్గర ఎక్కితే ఇంకో ఉచిత ట్రాము దాని దగ్గరే దించింది. లోపల కప్పు నిండా గాజు పూలు, రెండు వేలు. ఛిహూలీ అనే శిల్పి చేయించినవి. వాటి కింద జనం మెడలు వెనక్కి వంచి బావిలో పడ్డవాళ్లలా పైకి చూస్తున్నారు. అది దాటితే తోట. ఏడాదికి ఐదుసార్లు మొత్తం పీకేసి కొత్తగా వేస్తారు. సరోజ అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదని నమ్మకం కుదిరాక ఒక రేకు ముట్టుకుంది.

"నిజం పూలేనండీ!" అంది, ఈ ఊళ్లో మొదటిసారి ఎవరో నిజం చెప్పినట్టు.

*

బయటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. హోటలు ముందు ఎనిమిదెకరాల చెరువు. రాతి పిట్టగోడ పట్టుకుని జనం మూడు వరసల్లో నిలబడ్డారు. సరోజను ఒక స్తంభం పక్కన సందులోకి జరిపి నేను వెనక నిలబడ్డాను.

నీళ్ల మీద సన్నటి పొగమంచు లేచింది. ఎక్కడినుంచో సంగీతం. ముందు ఒక వరస సన్నటి ధారలు, నడుము వంచినట్టు అటూ ఇటూ ఊగాయి. తర్వాత ఇంకో వరస. ఉన్నట్టుండి ఢామ్మని తుపాకి పేలినట్టు చప్పుడు. నీటి స్తంభం ఒక్కసారిగా పైకి లేచింది. లేచి, ఆకాశంలో ఒక్క క్షణం నిలబడి, తెల్లటి తెరలా విడిపోయి కింద పడింది. ఆ తుంపర మా ముఖాల మీద పడింది. చుట్టూ అందరూ "ఓ..." అన్నారు.

సరోజ అనలేదు. "ఎన్ని నీళ్లండీ..." అంది. "ఎడారిలో ఇన్ని నీళ్లు యాడివి? ఏటివా?"

"కాదు. బోరువి."

వెనక్కి తిరిగి నా ముఖం చూసింది, పరాచికమాడుతున్నానేమో అని. ఆడలేదు. ఇక్కడ వెనకటికి డ్యూన్స్ అనే హోటలుండేది. దానికొక గోల్ఫు మైదానం, ఆ గడ్డికి నీళ్లు పెట్టడానికి బోరు. 1993లో డ్యూన్స్‌ను పేల్చి పడగొట్టారు. 1998లో ఆ జాగాలోనే బెలాజియో లేచింది. హోటలు పోయినా బోరు మిగిలింది. ఈ చెరువు నిండేది ఆ నీళ్లతోనే.

"ఎంత ఎత్తు లేస్తాయి?"

"460 అడుగులు."

ఆమె ఇంకేం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఇద్దరికీ ఒకే అంకె గుర్తొచ్చింది. మా నాన్న చివరి బోరు 450 అడుగులు.

మా నాన్న పేకముక్క పట్టి ఎరుగడు. తిరునాళ్లలో గుండాట దగ్గర నిలబడితే నా వీపు పగలగొట్టాడు. అలాంటి మనిషి పద్నాలుగేళ్లలో ఆరు బోర్లు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగేవాణ్ని పిలిపించేవాడు. కాయ లేచి నిలబడ్డచోట సున్నంతో ముగ్గు. సాయంత్రానికి బండి వచ్చేది. రాత్రంతా గుయ్యిమని చప్పుడు, చెనిక్కాయ చెట్ల మీద తెల్లటి దుమ్ము. నాన్న గట్టు మీద గొంతుక్కూచుని ఉండేవాడు. అడుగుకింత అని లెక్క. నూటయాభై దగ్గర ఆపుదామని బండివాడంటే "ఇంకో పది" అనేవాడు. పది ఇరవై అయ్యేది. మొదటి బోరుకు మా అమ్మ గాజులు పోయాయి. మూడోదానికి ఎద్దులు. చివరిదానికి కింది చేను. 1997లో, 450 అడుగుల దగ్గర, దుమ్ము.

ఎదురుగా ఇంకోసారి ఢామ్మంది. మా నాన్న ఎంత లోతుకు వెతుక్కుంటూ దిగాడో అంత ఎత్తుకూ నీళ్లు లేచాయి.

*

ఎనిమిది డాలర్లకు ఇరవై నాలుగు గంటల పాసు. రెండు కొని డ్యూస్ అనే రెండంతస్తుల బస్సెక్కాం. పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే వేల డాలర్ల గదిలో పడుకున్నవాడికి కూడా ఇంత బాగా కనపడదు. సీజర్స్ ప్యాలెస్ పోయింది. దాని పేరులో షష్ఠీ విభక్తి గుర్తు కావాలనే తీసేశారట. ఒక్క సీజరు కోట కాదు, వచ్చిన ప్రతివాడూ సీజరే అని. కుడివైపు మేడల సందులో ఒక పెద్ద కన్ను తెరుచుకుని మమ్మల్ని చూసి మూసుకుంది. అది 2023లో తెరిచిన స్ఫియర్. 366 అడుగుల గోళం, ఒళ్లంతా దీపాల తెర. లోపలికి పోతే వందల డాలర్లు, బస్సులోంచి ఉచితం.

ఇంతసేపూ మేం తిరిగింది లాస్ వేగస్ ఊరే కాదు. చట్టప్రకారం స్ట్రిప్పు అనే ఈ హోటళ్ల వీధిలో చాలా భాగం ప్యారడైజ్ అనే వేరే చోటు. 1950లో మేయరు ఈ హోటళ్లను ఊళ్లో కలిపి పన్ను వేయబోతే యజమానులు జిల్లా పెద్దలను పట్టుకుని వేరే టౌన్‌షిప్ చేయించుకున్నారు. మున్సిపాలిటీలో కలవకుండా తప్పించుకునే తెలివి మన లేఅవుట్లవాళ్లు కనిపెట్టింది కాదన్నమాట.

అసలు ఊరు చివరి స్టాపు, ఫ్రీమాంట్ వీధి. 1905 మే 15న రైలు కంపెనీ ఇక్కడ ఎండలో వేలంపాట పెట్టి స్థలాలు అమ్మింది. రైలు ఇక్కడెందుకు ఆగిందంటే ఊటల కోసం. వేగస్ అంటే స్పానిష్‌లో పచ్చిక బయళ్లు. ఇసుకలోంచి నీళ్లు వాటంతటవే ఉబికి వచ్చేవి. రైలు తాగింది, ఊరు తాగింది, బోర్లు మీద బోర్లు పడ్డాయి. 1962కల్లా ఆ ఊటలు ఎండిపోయాయి. ఇప్పుడు తాగే నీళ్లలో పదింట తొమ్మిది వంతులు కొలరాడో నదివి, హూవర్ డ్యాము వెనక మీడ్ సరస్సు నుంచి వచ్చేవి. ఆ సరస్సు ఎంత దిగిపోయిందో దాని రాతిగట్టు మీద తెల్లటి పట్టీ చెబుతుంది. ఊరు పేరులో పచ్చిక మిగిలింది.

ఫ్రీమాంట్ వీధికి 90 అడుగుల ఎత్తున కప్పు వేశారు. కప్పంతా ఒకటే తెర. గంట కొట్టగానే వీధి దీపాలు ఆరిపోయి ఆకాశం రంగుల్లో కదులుతుంది. కింద డప్పులు, పాటలు, తాడు కట్టుకుని తలల మీదుగా ఎగురుతున్న మనుషులు. మన ఊరి జాతరకు బాగా కరెంటు ఇచ్చినట్టుంది. సరోజకు కాళ్లనొప్పులు మాయమయ్యాయి.

గోల్డెన్ నగ్గెట్‌లో అద్దం వెనక బంగారు ముద్ద చూశాం. ఇరవై ఏడు కిలోలు. 1980లో ఆస్ట్రేలియాలో ఒకతను లోహాలు పసిగట్టే యంత్రం పట్టుకుని తిరుగుతుంటే దొరికింది. ఎంత లోతులో అంటే, ఒక్క అడుగు.

"అడుగేనా?" అంది సరోజ. మా పక్క వజ్రకరూరులో తొలకరి పడగానే పనులు మానుకుని చేలల్లో తలలు వంచుకుని తిరిగే వందలమంది గుర్తొచ్చారు. వాళ్లకు ఈ ముద్ద చూపించకూడదు.

*

ఆఖరి కట్ట విప్పాం. ఇరవై డాలర్లు.

రూలెట్ బల్ల దగ్గర లెక్కల మాస్టరు మేల్కొన్నాడు. చక్రంలో 38 గళ్లు. ఎర్రవి 18, నల్లవి 18, సున్నాలు రెండు. ఎరుపు మీద డాలరు పెడితే గెలిచే దారులు 18, ఓడేవి 20. అంటే పెట్టిన ప్రతి డాలరు మీదా సగటున ఐదు సెంట్ల చిల్లర బల్లవాడికి. స్ట్రిప్పులో కొన్ని బల్లలకు మూడో సున్నా కూడా కలిపారు, అక్కడ ఏడున్నర దాటుతుంది. పేకలో బ్లాక్‌జాక్ పడితే పదికి పదిహేను ఇచ్చే బల్లలు పోయి పన్నెండు ఇచ్చేవి పెరిగాయి. తక్కువ డబ్బుతో వచ్చినవాడికి లెక్కొక్కటే మార్గం. నెమ్మదిగా ఆడాలి. ఎన్ని తక్కువ పందేలు వేస్తే అంత తక్కువ పోతుంది.

సరోజ ఒక మెషిను ముందు కూర్చుంది. పెన్నీ మెషిను అని పేరు, కానీ ఒక్క నొక్కుడుకు 50 సెంట్లు. నలభై నొక్కుళ్లు. పక్కవాళ్లు టకటకా నొక్కుతుంటే ఆమె ప్రతిసారీ చీర కొంగు సర్దుకుని, బొమ్మలు ఆగిందాకా చూసి, నిట్టూర్చి అప్పుడు నొక్కుతోంది. ఆడేవాళ్లకు పానీయాలు ఉచితం. ట్రే పట్టుకుని వచ్చిన అమ్మాయి నారింజరసం తెచ్చిచ్చింది. ట్రేలో ఒక డాలరు పెట్టాను. ఊరు మొత్తంలో ఇంతకన్నా చవకగా రసం దొరకదు.

ఇరవై పద్నాలుగైంది. తర్వాత ఏవో గంటలు మోగి ముప్పై ఎనిమిదైంది. సరోజ ముఖంలో వెలుగు మెషినుది కాదు.

"చాలు, లే."

"ఇంకొక్కసారి."

మూడు గంటబొమ్మల్లో రెండు వరసలో ఆగాయి. మూడోది ఒక్క వెంట్రుకవాసి పైన ఆగింది. పక్క మెషిను ముందున్న ముసలాయన వంగి చూశాడు. ఆయన చొక్కా నుంచి సాగే తీగ ఒకటి మెషినులో గుచ్చిన కార్డుకు తగిలించి ఉంది, సెలైను ఎక్కిస్తున్నట్టు.

"చూశారా, ఎంత దగ్గరికి వచ్చిందో" అన్నాడు ఇంగ్లీషులో. తన మెషిను నుదురు తట్టాడు. "ఇది పొద్దుట్నుంచీ ఇవ్వలేదు. ఇక ఇచ్చే వేళైంది."

మెషినుకు జ్ఞాపకం ఉండదు, ఒక్కో నొక్కుడూ దేనికదే, ఇంతకుముందు పోయినవన్నీ దానికి తెలియవు అని పదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పబోయాను. ఆయన కూర్చున్న తీరు చూసి ఆగిపోయాను. ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు, కళ్లు ఒక్కచోట. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. నెవాడాలో మెషిను పెట్టినవాడు లెక్క ప్రకారం నూటికి కనీసం 75 తిరిగి వచ్చేట్టు దాన్ని తయారుచేయాలని నియమముంది. మా చేనుకు ఆ నియమం లేదు. నారింజరసం కూడా ఎవరూ తెచ్చివ్వలేదు.

సరోజను చెయ్యి పట్టుకుని లేపాను. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. మెషిను చీటీ కక్కింది. పదకొండు లాభం.

"ఇంకొంచెం ఉంటే..." అంటూనే ఉంది వీధిలోకి వచ్చిందాకా.

అప్పుడు ఫోను మోగింది. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, అక్కడ మధ్యాహ్నం. పైన తెర మీద ఏవో నక్షత్రాలు పేలుతున్నాయి. ఒక చెవి మూసుకున్నాను. ఆవలి చెవిలో గుయ్యిమని చప్పుడు. నలభై ఏళ్లుగా ఎరిగిన చప్పుడు.

"అన్నా, ఏడు నూర్లు అయింది" తమ్ముడు అరుస్తున్నాడు. "దుమ్మే వస్తాంది. ఆపుదామనుకుంటి. ఇప్పుడే రాయి రంగు మారిందన్నా. నల్లది పోయి తెల్లది తగిలింది. బండాయప్ప ఇంకో నూరు చూద్దామంటాండాడు. ఏం జేయమంటావ్?"

సరోజ నా ముఖమే చూస్తోంది. చేతిలో ముప్పై ఒక్క డాలర్ల చీటీ.

"వేయించు" అన్నాను.

ఫోను జేబులో పెట్టుకున్నాక చాలాసేపు ఇద్దరం నడిచాం. బస్సు స్టాపు దగ్గర ఆగి సరోజ అడిగింది.

"అడుగుకు ఎంతంట?"